నెల్లూరు వాననీటిలో ఐసోటోపులు: నమూనా పట్టే పద్ధతి
నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవన వర్షాల ఆవిరి ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయాలంటే, ఆ నీటిలోని ఆక్సిజన్-18, డ్యుటీరియంల (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల బరువైన రూపాలు, అంటే ఐసోటోపులు) పాళ్లు కొలవాలి. అన్నిటికంటే కీలకం సేకరణే. పట్టిన నీరు కాస్త ఆవిరైనా తేలిక అణువులే ఎక్కువగా పోయి, లెక్క తప్పుతుంది. అందుకే గరాటు నుంచి సన్నని గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, వాన వెలిసిన వెంటనే ఆ నీటిని చిన్న ప్లాస్టిక్ సీసాలో గాలిబుడగ మిగలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, తేదీ, సమయం, వర్షపాతం రాసి, చల్లని చీకటి చోట ఉంచాలి.

ప్రయోగశాల ప్రతి ఐసోటోపుకూ ప్రామాణిక సముద్రజలంతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా ఉందో విలువగా ఇస్తుంది. డ్యుటీరియం విలువలోంచి ఆక్సిజన్-18 విలువకు 8 రెట్లు తీసివేయాలి. ప్రపంచ వాననీటికి ఈ శేషం సగటున వెయ్యికి సుమారు 10 ఉంటుంది. బాగా తగ్గితే చినుకు నేల చేరేలోపే కొంత ఆవిరైందని అనుమానించాలి. తేలికపాటి జల్లుల్లో ఇలా ఆవిరవడం ఎక్కువ కనుక, వాటిని వాయుగుండం వానలతో ఒకే సీసాలో ఎన్నడూ కలపకూడదు.