పందిని చంపే జబ్బులు, మనల్ని పట్టే జబ్బులు

కొత్తగా పందుల పెంపకంలోకి దిగినవాళ్ళు ఫోన్ చేస్తే మొదట రేటు అడుగుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, వీటి జబ్బులు మనకొస్తాయా?" అంటారు. నా జవాబు కాస్త తిరకాసుగానే ఉంటుంది. మందను ఊడ్చిపెట్టుకుపోయే పెద్ద జ్వరాలు రెండున్నాయి, ఆ రెండూ మనిషికి అంటవు. మనిషిని మంచాన పడేసేవి మాత్రం చాలావరకు పందిలో పైకి కనపడవు. అది శుభ్రంగా తింటూ, బరువు పెరుగుతూనే ఉంటుంది. అందుకని పందిని చూసి జబ్బు పసిగట్టడం ఒక పని, పంది ఎంత బాగున్నా మన జాగ్రత్తలో మనం ఉండటం ఇంకో పని. రెండూ కలగలిపేసుకున్నవాళ్ళు అక్కర్లేని చోట టెన్షన్ పడతారు, భయపడాల్సిన చోట చేతులు కూడా కడుక్కోరు.

మా షెడ్డు తెనాలి, మంగళగిరి మధ్యలో, దుగ్గిరాల పక్కన ఉంది. చుట్టూ వరి, మొక్కజొన్న, పసుపు. నేను పశువుల డాక్టర్ని కాను కాబట్టి మందులు, డోసులు చెప్పను. ఏం చూడాలి, ఎప్పుడు డాక్టర్ని పిలవాలి, ఆయన వచ్చేలోపు ఏం చెయ్యకూడదు, అంతవరకే.

పొద్దున మేత వేసే వేళే అసలు పరీక్ష. బకెట్ చప్పుడు వినగానే పందులన్నీ తొట్టి మీద పడాలి. మేత వేసేసి వెంటనే వెళ్ళిపోకుండా కాసేపు అక్కడే నిలబడండి. ఆలస్యంగా లేచింది ఏది, వచ్చి మూతి పెట్టి మళ్ళీ వెనక్కి తిరిగింది ఏది, మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుని పడుకున్నవి ఏవి, ఇవి చూడాలి. మే నెల ఎండలో కూడా పందులు కుప్పగా పడుకున్నాయంటే వాటికి చలేస్తున్నట్టు, అంటే జ్వరం. చెవులు ఎర్రబడ్డాక, పొట్టకింద ఊదా రంగు మచ్చలు వచ్చాక చూస్తే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు.

అనుమానం రాగానే థర్మామీటర్ పెట్టండి. మెడికల్ షాపులో దొరికే డిజిటల్‌ది చాలు. దాని చివర గట్టి దారం కట్టి, ఆ దారానికి బట్టల క్లిప్పు తగిలించండి. కొనకు కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలోకి నెమ్మదిగా పోనిచ్చి, క్లిప్పును తోకకు పెడితే పంది కదిలినా జారిపోదు. పంది మేత తింటున్నప్పుడో, తోక దగ్గర గోకుతూ ఉన్నప్పుడో పెడితే గొడవ చెయ్యదు. పరిగెత్తించి పట్టుకుని పెడితే వచ్చే అంకె నమ్మకూడదు, ఆయాసానికే ఒక డిగ్రీ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పందికి 101.5 నుంచి 103 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే దాన్ని విడిగా కట్టెయ్యాలి. 105 దాటి మేత మానేసిందంటే 1962కి ఫోన్ కొట్టండి, లేదా మీ మండలం పశువైద్యశాలకు చెప్పండి. సాయంత్రం దాకా చూద్దాంలే అనుకోవద్దు.

ఆ పెద్ద జ్వరాల్లో ఒకటి క్లాసికల్ స్వైన్ ఫీవర్, పాతవాళ్ళు హాగ్ కలరా అంటారు. రెండోది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. ఇది మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడింది. పేర్లలో పోలిక ఉన్నా ఈ రెండు వైరస్‌లకూ చుట్టరికం లేదు. పైకి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి: తగ్గని జ్వరం, కళ్ళ వెంట పుసి, ముందు మలబద్ధకం, తర్వాత విరేచనాలు, నడుస్తుంటే వెనక కాళ్ళు తూలడం, చెవులు, తోక, పొట్ట నల్లబడటం. "చూడగానే చెప్పేస్తా" అనేవాళ్ళను నమ్మకండి, ల్యాబ్ తప్ప ఎవరూ చెప్పలేరు. మొదటి దానికి టీకా ఉంది. పిల్లలకు రెండు నెలలు దాటాక వేయించి, ఏటా మళ్ళీ వేయించాలి. మరీ పసితనంలో వేస్తే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచెయ్యనివ్వదు. రెండోదానికి మన దగ్గర టీకా లేదు, ఎక్కడా మందు లేదు. మందలోకి వచ్చిందంటే దాదాపు అన్నీ పోవచ్చు.

డాక్టరు బతికున్న పంది నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా ఊదా మూత గొట్టంలో పోస్తారు. చచ్చిన దాని నుంచి ప్లీహం, గ్రంథుల ముక్కలు ఐస్ మీద పంపుతారు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అయితే ఖరారు చేసేది భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబ్. మీరు చెయ్యాల్సిందల్లా చచ్చిన పందిని ముట్టకుండా, గోనెపట్టా కప్పి, కుక్కలు, కాకులు రాకుండా కాపలా పెట్టడమే. కత్తి పెట్టి కోసి చూద్దామనే కుతూహలం ఒక్కటి మానుకోండి. కారిన ప్రతి రక్తపు చుక్కా వైరస్సే. పైగా ముక్కు నుంచి నల్లటి రక్తం కారుతూ, గొంతు వాచి చచ్చిందంటే అది దొమ్మ (ఆంత్రాక్స్) కూడా కావచ్చు, అది మనిషిని కూడా చంపుతుంది.

మా వైపు ఇంకో దరిద్రం ఉంది. చచ్చిన పందిని రాత్రికి రాత్రి కాలవలో పడేస్తారు. కింద ఊళ్ళవాళ్ళు అదే నీళ్ళు వాడతారు, వాళ్ళ పందులు ఆ గట్టు మీదే మేస్తాయి. నిలువెత్తు గొయ్యి తవ్వి, కింద సున్నం, పైన సున్నం వేసి పూడ్చండి. జ్వరం మొదలవగానే మిగతావాటిని సగం రేటుకు మాంసం కొట్టు వాళ్ళకు తోలేయడం కూడా ఇదే కోవ. ఆ డబ్బు మీకు మిగలొచ్చు, జబ్బు మాత్రం జిల్లా దాటుతుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ఇలాంటివి తెలియజెయ్యడం పెంపకందారు బాధ్యత. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తేలితే కిలోమీటరు లోపల ఉన్న పందుల్ని చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. అలా చంపించిన వాటికి పరిహారం ఉంటుంది. ముందే చచ్చిపోయిన వాటికి రాదు. తొందరగా చెప్పడం వల్ల లాభం ఏమిటో దీన్నిబట్టి లెక్కేసుకోండి.

మందలోకి జబ్బు ఎలా వస్తుంది? విజయవాడ, గుంటూరు చుట్టూ పందులు పెంచేవాళ్ళలో చాలామంది హోటళ్ళ మిగులు, ఫంక్షన్ హాళ్ళ ఎంగిలి అన్నం మీద ఆధారపడ్డవాళ్ళే. ఖర్చు తగ్గుతుంది, కాదనను. ఆ డ్రమ్ములో సరిగ్గా ఉడకని పంది మాంసం ముక్క ఒక్కటి ఉన్నా చాలు. ఆ రెండు జ్వరాల వైరస్‌లూ ఉప్పు వేసిన మాంసంలో, ఫ్రిజ్‌లో నెలల తరబడి బతుకుతాయి. ఎంగిలిని 90 డిగ్రీల మీద, కలియబెడుతూ గంటసేపు ఉడికించాలని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ చెబుతోంది. కట్టెల ఖర్చు చూసుకుని పైపైన వెచ్చబెడితే లాభం లేదు. పచ్చిది మోసే డ్రమ్ము, ఉడికింది మోసే బకెట్ వేరువేరుగా ఉండాలి. కొత్తగా కొన్న పందిని నెల రోజులు దూరంగా, వేరే మనిషి చేత మేపించండి. ఇక బేరగాళ్ళు నిన్న ఏ షెడ్డులో తిరిగి వచ్చారో మనకు తెలీదు. వాళ్ళను గేటు దగ్గరే ఆపి, పందిని అక్కడికే తోలి చూపించండి. మర్యాదగా ఉండదని మొహమాటపడితే మునిగేది మనమే.

ఇక రెండు వైపులా కొట్టే జబ్బు ఒకటి చెబుతాను. ఎరిసిపెలాస్ అని, పంది ఒంటి మీద డైమండ్ ఆకారంలో, పేక ముక్కల్లో ఉండే గుర్తులాంటి దద్దుర్లు లేస్తాయి. తెల్ల సీమపందిలో ఎర్రగా కనిపిస్తాయి. నల్ల నాటు పందిలో కళ్ళకు దొరకవు. అరచేతిని వీపు మీద మెడ నుంచి తోక దాకా మెల్లగా నిమిరితే అంచులు తెలిసేటట్టు ఉబ్బెత్తుగా తగులుతాయి. జ్వరం వచ్చిన నల్ల పందిని ఇలా నిమిరి చూడటం అలవాటు చేసుకోండి, గ్లౌజులు వేసుకునే. టైముకు డాక్టరు పెన్సిలిన్ ఇస్తే తేరుకుంటుంది. చేతికి గాయమున్న మనిషికి ఇది అంటితే వేలు ఊదారంగులోకి తిరిగి, వాచి, విపరీతంగా సలుపుతుంది. మాంసం కొట్టేవాళ్ళలో ఇది చూస్తాం. పెన్సిలిన్‌కే తగ్గుతుంది.

ఇక పందిలో పైకి కనపడనివి. మొదటిది బద్దెపురుగు. పందిమాంసం తింటే మెదడులో పురుగు వస్తుందని ఊరంతా అంటుంది, అందులో సగమే నిజం. నీటితిత్తులున్న (ఈ పురుగు పిల్లలుండే చిన్న బుడగలు) మాంసం సరిగ్గా ఉడకకుండా తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో వచ్చే గుడ్లు చేతుల ద్వారానో, నీళ్ళ ద్వారానో, కడగని కొత్తిమీర, కీరా ద్వారానో ఇంకొకరి నోట్లోకి వెళితే, అప్పుడు మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ వస్తాయి. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుంది. పందికి కూడా అది మనిషి మలం తినడం వల్లే వస్తుంది. అంటే ఇక్కడ జబ్బును మోసేది మనమే, పంది మధ్యలో దొరికిపోయింది. పాతికేళ్ళు దాటాక ఉన్నట్టుండి మొదటిసారి ఫిట్స్ వస్తే తాయెత్తులు మాని స్కాన్ తీయించండి.

బతికున్న పందిలో దీన్ని చూడాలంటే నాలుక పరీక్ష ఒక్కటే మన చేతిలో ఉంది. ఇద్దరు పట్టుకుని, దవడల మధ్య కర్ర అడ్డం పెట్టి, గుడ్డతో నాలుక బయటికి లాగి, అడుగు వైపు బొటనవేలితో ఒత్తుతూ పోవాలి. సెంటీమీటరు లోపు గుండ్రటి బుడిపెలు చేతికి తగిలితే ఉన్నట్టే. తగలకపోతే లేదని రూఢిగా అనలేం, తక్కువ తిత్తులున్న పంది ఈ పరీక్షలో తప్పించుకుంటుంది. అందుకని నాలుక కన్నా ముందు మరుగుదొడ్డి చూడండి. షెడ్డులో పనిచేసే వాళ్ళకు మరుగుదొడ్డి కట్టించి, పందుల్ని బయట తిరగనివ్వకపోతే ఈ జబ్బు గొలుసు అక్కడే తెగుతుంది. పందులకు టీకా కూడా వచ్చింది, హైదరాబాదులోనే తయారు చేస్తున్నారు. డాక్టర్ని అడగండి.

రెండోది మెదడువాపు, జపనీస్ ఎన్‌కెఫలైటిస్. మన డెల్టాకు అచ్చంగా సరిపోయే జబ్బు ఇది. వరి మడిలో పుట్టే క్యూలెక్స్ దోమ, మడిలో నిలబడే కొంగ, పక్కన పంది, మూడూ మన దగ్గర ఒకే చోట ఉన్నాయి. వైరస్ పంది రక్తంలో కొద్ది రోజుల్లోనే బాగా పెరుగుతుంది, దోమ అక్కడ ఎక్కించుకుని మనిషిని కుడుతుంది. పెద్ద పందిలో లక్షణమే ఉండదు. చూలు పందులు మాత్రం ఈడ్చుకుపోయిన నల్లటి పిల్లల్ని, చచ్చిన పిల్లల్ని ఈనుతాయి. వేరే జబ్బుల్లోనూ అలా జరుగుతుంది కాబట్టి ల్యాబ్‌కు పంపాల్సిందే. 1999లో మన రాష్ట్రంలో ఈ మెదడువాపు చాలామంది పిల్లల్ని పొట్టనబెట్టుకుంది. మెదడుకు ఎక్కినవాళ్ళలో నూటికి 20, 30 మంది చనిపోతారు. బతికిన చాలామందికి ఏదో ఒక లోపం మిగులుతుంది. షెడ్డును ఇళ్ళకు దూరంగా కట్టండి. మురుగు నిలవకుండా చూడండి. పొద్దువాలితే ఈ దోమ బయలుదేరుతుంది కాబట్టి ఆ వేళకు పిల్లల్ని షెడ్డు దగ్గర తిప్పకండి. ఈ జబ్బు ముప్పున్న జిల్లాల్లో తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి టీకా ఉచితంగా వేస్తారు. మీ పిల్లల కార్డు తీసి చూసుకోండి.

మూడోది ఎలుక జ్వరం, డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకలు, పందుల మూత్రం కలిసిన నీళ్ళలో వట్టి కాళ్ళతో తిరిగితే పగుళ్ళలోంచి లోపలికి వెళుతుంది. మా దగ్గర పనిచేసే అబ్బాయికి పిక్కల నొప్పులు, కళ్ళ ఎరుపు, జ్వరం వస్తే ఒక ఆసుపత్రిలో వైరల్ ఫీవర్ అని పంపేశారు. కళ్ళు పచ్చబడ్డాక ఇంకో చోట రక్తపరీక్షలో తేలింది. మొదటి డాక్టరుది పూర్తిగా తప్పనలేను. ఏం పని చేస్తావని ఆయన అడిగితే "వ్యవసాయం" అన్నాడట, పందులంటే చులకనగా చూస్తారని. సిగ్గుపడకుండా "పందుల షెడ్డులో పనిచేస్తాను" అని మొదటే చెప్పండి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుని, చెవులు వినపడటం తగ్గితే మరీ ముఖ్యం. స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే సూక్ష్మజీవి పంది రక్తం, పచ్చి మాంసం నుంచి గాయాల ద్వారా ఎక్కి అలాగే చేస్తుంది, చెవుడు శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

స్వైన్ ఫ్లూ గురించి ఒక్క మాట. 2009లో వచ్చింది మనిషి నుంచి మనిషికి పాకిన జబ్బు. మన దేశంలో మొదటి కేసు హైదరాబాదులో విమాన ప్రయాణికుడిదే. ఉడికిన మాంసం తింటే రాదు. అయినా ఆ పేరుకు మా కొట్లన్నీ వెలవెలబోయాయి. జలుబు చేసిన మనిషిని షెడ్డులోకి పంపకండి, మన ఫ్లూ పందికి ఎక్కుతుంది.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. గమ్ బూట్లు రెండు జతలు, అవి షెడ్డు గడప దాటి బయటికి రాకూడదు. గడప దగ్గర మందునీళ్ళ తొట్టి, రోజూ మార్చాలి. పేడ పేరుకున్న బూటును ముంచితే బ్లీచింగ్ పనిచెయ్యదు, ముందు బ్రష్‌తో కడగాలి. పందులు ఈనే వేళ, మాంసం కోసే వేళ మందపాటి రబ్బరు గ్లౌజులు. చేతికి కోత ఉన్నవాడికి ఆ రోజు మేత పని ఇచ్చి, కత్తి పని ఇంకొకరికి ఇవ్వండి.