నాలుగో తరగతిని ఎగ్మోరు మ్యూజియానికి తీసుకెళ్లడం ఎలా, వచ్చాక ఏం రాయించాలి

బడి పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లాలనుకునే టీచర్లకు నేను చెప్పే మొదటి మాట ఇది. ఎక్కడికి వెళ్దామన్నది తర్వాత చూసుకోవచ్చు. తిరిగొచ్చిన రాత్రి అన్నం తింటూ పిల్లవాడు వాళ్లమ్మకు ఏం చెప్పాలో ముందు అనుకోండి. ఆ ఒక్కటీ తేలితే స్థలం, రోజు, దారి అన్నీ దాని వెంట కుదురుతాయి.

నేను ఉత్తర చెన్నైలో, వాషర్‌మన్‌పేట దగ్గర ఒక తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలలో నాలుగు, అయిదు తరగతులకు పాఠాలు చెప్తాను. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తల్లిదండ్రుల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నెల్లూరు నుంచో, ప్రకాశం నుంచో, గుంటూరు నుంచో తాతల కాలంలో పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. అందుకే నేను మా పిల్లల్ని ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియానికి తీసుకెళ్తాను. అది కూడా అందులో ఒకే ఒక్క గది కోసం, అమరావతి శిల్పాలున్న గది కోసం. బీచి, జూ, ప్లానిటోరియం అన్నీ ఒకే రోజులో చుట్టబెడితే తొమ్మిదేళ్ల పిల్లకు కాళ్లనొప్పి తప్ప ఏమీ మిగలదు. ఒక గదిలో నలభై నిమిషాలు నింపాదిగా కూర్చోబెడితే నెల తర్వాత కూడా చెప్పుకుంటారు.

ముందుగా ఏ రోజు వెళ్లాలో ఖాయం చేసుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మధ్యలో అర్ధసంవత్సర పరీక్షలు, మార్చి దాటితే ఎండ. పొంగల్ సెలవులయ్యాక ఫిబ్రవరి దాకా ఉన్న రోజులే మనవి. అందులోనూ సోమవారం వద్దు. శని, ఆదివారాలు ఇంట్లో గడిపి వచ్చిన చిన్నపిల్లలు ఆ రోజు సగం నిద్రలో ఉంటారు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి పెట్టుకోండి.

తర్వాత మీరొక్కరే ఒకసారి వెళ్లి చూసి రండి. ఇది మాత్రం మానొద్దు. మరమ్మతులు జరుగుతుంటే ఒక్కోసారి ఒక్కో గది మూసి ఉంటుంది. మీకు కావలసిన గది తెరిచి ఉందా, మరుగుదొడ్లు ఎటువైపు, తాగే నీళ్లు ఎక్కడ, అన్నం తినడానికి నీడ ఎక్కడ, గేటు నుంచి ఆ గదికి పిల్లల నడకతో ఎంతసేపు పడుతుంది, ఇవన్నీ కళ్లారా చూసుకోండి. విద్యార్థుల టికెట్టు, ఫోను కెమెరా టికెట్టు సంగతి కౌంటరులోనే అడగండి. వెళ్లే రోజు స్కూలు ముద్ర వేసి హెడ్‌మాస్టరుగారు సంతకం చేసిన ఉత్తరం చేతిలో ఉండాలి.

ఇంటికి పంపే అనుమతి పత్రం తెలుగులోనూ, తమిళంలోనూ రాయండి. అయినా కాగితాన్ని నమ్ముకుని ఊరుకోకండి. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిని నిలబెట్టి, "అమ్మా, బుధవారం ఎనిమిదిన్నరకు బయల్దేరతాం, మూడింటికి వచ్చేస్తాం, పాపకు బండిలో వాంతి అవుతుందా, మందులేమైనా వాడుతోందా" అని నోటితో అడగండి. కాగితం మీద రాయనివన్నీ అప్పుడు చెప్తారు. ప్రతి పదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి. టీచర్లు చాలకపోతే ఇద్దరు తల్లుల్ని పిలవండి. కాకపోతే వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది, కాబట్టి వారం ముందే అడగాలి. రాలేనన్నవాళ్లను మళ్లీ అడగకూడదు.

డబ్బు విషయంలో నా మాట ఖచ్చితం. మా బడిలాంటి చోట పిల్లల దగ్గర వసూలు పెట్టొద్దు. ఒకరు తెచ్చి, ఒకరు తేలేక వెనకబడితే ఆ ఒక్క రోజుతో పోదు, ఆ పిల్ల మనసులో ఏళ్ల తరబడి ఉంటుంది. టికెట్లకయ్యే చిన్న మొత్తాన్ని టీచర్లు, పాత విద్యార్థులు కలిసి భరించవచ్చు. తిండి కూడా అందరికీ ఒకటే ఉండాలి. తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2023 ఆగస్టు నుంచి పొద్దున టిఫిను బడిలోనే పెడుతున్నారు కదా, అది తినిపించి బయల్దేరదీయండి. ఎంతమంది బయటికి వెళ్తున్నారో మధ్యాహ్న భోజనం వండే అక్కకు ముందు రోజే చెప్పండి, లేకపోతే అన్నం వృథా అవుతుంది. మధ్యాహ్నానికి పులిహోర. పెరుగన్నం మన ఊరి ఉక్కలో పులిసిపోతుంది.

మేం మెట్రోలో వెళ్తాం. వాషర్‌మన్‌పేటలో నీలం లైను ఎక్కితే సెంట్రల్, అక్కడ ఆకుపచ్చ లైనుకు మారితే తర్వాతి స్టేషనే ఎగ్మోరు. బస్సు మాట్లాడుకునే ఖర్చు తప్పుతుంది. పైగా చాలామంది పిల్లలకు మెట్రో ఎక్కడం అదే మొదటిసారి, అది కూడా వాళ్లకు ఒక పాఠమే. అయితే దాని తలుపులు ఎవరికోసమూ ఆగవు. అందుకని రెండు రోజుల ముందు తరగతి నేల మీద సుద్దముక్కతో తలుపులు గీసి ఎక్కడం, దిగడం ఆడించండి. ముందు ఒక పెద్దమనిషి ఎక్కాలి, అందరికంటే చివర ఇంకొకరు. ఎవరైనా ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతే అక్కడి నుంచి కదలకూడదు. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషనులో దిగి ఆగాలి. ఈ రెండు నియమాలు పిల్లలే మీకు అప్పజెప్పేదాకా చెప్పించండి. ఎస్కలేటరు దగ్గర భయపడే పిల్లలుంటారు, వాళ్లను లిఫ్టులో తీసుకెళ్లండి. చొక్కాకు గుచ్చే చీటీ మీద బడి పేరు, టీచరు ఫోను నంబరు చాలు. పిల్లల పేరు రాయకూడదు. కొత్తవాళ్లెవరైనా పేరు పెట్టి పిలిస్తే చిన్నపిల్లలు తెలిసినవాళ్లేననుకుంటారు. ఇద్దరిద్దర్ని జంటలు చేసి, జంటకో రంగు దారం మణికట్టుకు కట్టండి. స్టేషను నుంచి పాంథియన్ రోడ్డులోని మ్యూజియానికి నడకే. పిల్లలతో ఇరవై నిమిషాలు పెట్టుకోండి.

రాసుకోవడానికి అట్టలు కావాలి. మాకు ఎం.సి. రోడ్డు బట్టల కొట్లవాళ్లు చీరల అట్టపెట్టెలు ఊరికే ఇస్తారు, వాటిని కత్తిరించి పైన క్లిప్పు పెడితే చాలు. పెన్సిలే ఇవ్వండి, పెన్ను వద్దు.

ఇక ఆ గది. లోపలికి వెళ్లే ముందు కథ చెప్పేయకండి. మనకు చెప్పాలనే ఉంటుంది, ఆపుకోవాలి. అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగుదని ఒక గుండ్రటి ఫలకం ఉంది. సుమారు 1800 ఏళ్ల కిందట పలనాటి సున్నపురాయి మీద చెక్కింది. దాని ముందు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడమనండి. తర్వాత అందరూ వెనక్కి తిరగాలి. రాతి వైపు వీపు పెట్టి, ఏం చూశారో ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పాలి. ముందువాళ్లు చెప్పింది మళ్లీ చెప్పకూడదు. కిటికీల్లోంచి తొంగిచూస్తున్న మనుషులు, భయంతో ఒకరినొకరు పట్టుకున్నవాళ్లు, ఏనుగు పాలబడిన మనిషి... వాళ్ల కళ్లకు దొరికినన్ని మన కళ్లకు దొరకవు. మళ్లీ రాతి వైపు తిప్పి అడగండి: ఏనుగులెన్ని?

రెండు అంటారు. ఒకటి ఎడమ పక్క వీరంగం వేస్తోంది, ఒకటి కుడి పక్క మోకరిల్లి ఉంది. అవి రెండు ఏనుగులా, ఒకటేనా అని అడిగి పక్కకు తప్పుకోండి. వాదులాట వాళ్లే చూసుకుంటారు. ఒకే ఏనుగు, ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది అని ఎవరో ఒకరు కనిపెట్టేదాకా ఆగండి. అప్పుడు చెప్పండి కథ. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు మదపుటేనుగును రాజగృహం వీధిలోకి వదలడం, అది బుద్ధుడి ఎదుటికి వచ్చి శాంతించి తల వంచడం. కథ అంతా వాళ్లు చూసేసిందే కాబట్టి ప్రతి మాటా రాతిలో వెతుక్కుంటూ వింటారు.

అక్కడి నుంచి ఇంకో రాతి దగ్గరికి తీసుకెళ్లండి. కొన్ని శిల్పాల్లో బుద్ధుడి బొమ్మ ఉండదు. ఖాళీ ఆసనమో, పాదాల గుర్తులో, చక్రమో ఉంటుంది, చుట్టూ అందరూ దానికే దండం పెడుతుంటారు. "కుర్చీలో ఎవరూ లేరు మిస్" అని ఒక పిల్ల అంటే నాకు ఆ రోజు పాఠం అయిపోయినట్టే. ఎవరు కూర్చోవలసిన చోటో వాళ్లనే ఊహించమనండి.

రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి, మా పిల్లలకైతే తప్పకుండా. కృష్ణా ఒడ్డున అమరావతిలో ఉన్న స్తూపానివి ఈ రాళ్లు. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వేయరు దాన్ని చూశాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి చాలా రాళ్లు మద్రాసుకు పంపించాడు. ఆ రాళ్లలో చాలావాటిని 1859లో ఓడలో లండనుకు తరలించారు. మీ తాతల్లాగే ఇవీ అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చాయిరా అని చెప్తే పిల్లలు ఆ రాళ్లను చూసే తీరు మారిపోతుంది. "మళ్లీ ఎప్పుడు వెళ్తాయి?" అని అడిగేవాళ్లుంటారు. జవాబు చెప్పకండి. ప్రశ్నను ఉన్నదున్నట్టు రాయించండి.

తర్వాత కాసేపు తిమింగలం అస్థిపంజరం, బయట డైనోసారు బొమ్మ చూపించి పులిహోర పెట్టండి. 1851లో మొదలైన ఈ మ్యూజియం ఆవరణలోనే 1855లో ఒక జంతుప్రదర్శనశాల కూడా నడిచిందనీ, వండలూరు జూకు మొదలు అదేననీ అన్నాలు తినేటప్పుడు చెప్తే సరదాగా వింటారు. కంచు విగ్రహాల గది ఈసారికి వద్దు, దానికి ఇంకో ఏడాది పెట్టుకోవచ్చు.

మర్నాడు గోడపత్రిక. సగం పని ఇక్కడే ఉంది. పెద్ద చార్టులు నాలుగు అతికించి, ఒక్కొక్కరికి అరచేయంత చోటు ఇవ్వండి. ఒక్కో పిల్ల ఒకే సంగతి రాయాలి, తాను చూసిందే రాయాలి. "మేము మ్యూజియానికి వెళ్లి ఎంతో ఆనందించాము" అన్న వాక్యం ఎవరి చోటులోనూ రాకూడదని ముందే చెప్పండి. దాని బదులు ఏం విన్నావు, ఏం అడిగావు, ఎక్కడ భయమేసింది అని అడిగితే రాస్తారు. అక్షరదోషాలు దిద్దండి, మాట మాత్రం దిద్దకండి. వాళ్ల వాక్యంలో తమిళం మాట దొర్లినా ఉంచేయండి. పిల్లలు మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పద్యాలు అప్పజెప్పించి ఊరుకుంటే చాలదు, పిల్లల సొంత మాటకు గోడ మీద చోటివ్వాలి.

ఇంకా రాయడం రాని పిల్లలుంటారు. వాళ్లు చెప్తే పక్క పిల్ల రాయాలి, కింద ఇద్దరి పేర్లూ ఉండాలి.

అదే గోడపత్రికలో బడి సాధించినవి రాయడానికి ఒక పక్క వదలండి. చేతిరాత పోటీలో మొదటి బహుమతి, ఖోఖోలో రెండో స్థానం, వేమన పద్యాల్లో ఫలానా పాప అని రాస్తాం, రాయాలి కూడా. కానీ అలా రాస్తే ప్రతి ఏడాదీ ఆ అయిదారుగురి పేర్లే వస్తాయి. నేను జూన్‌లోనే ఒక నోటుబుక్కులో ప్రతి పిల్లకూ ఒక పేజీ పెట్టి, వారానికి ఒకసారి నలుగురైదుగురి గురించి ఒక ముక్క రాసుకుంటాను. గట్టిగా చదవడానికి సిగ్గుపడే పిల్లవాడు ప్రార్థనలో వార్తలు చదివాడు. తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చే పిల్ల ఈ నెల ఒక్క రోజు కూడా మానలేదు. మెట్రోలో భయపడ్డ పాప చేయి దిగేదాకా పట్టుకున్నది ఫలానా అమ్మాయి. వీటికి బహుమతులుండవు, ఎవరో ఒకరు రాసిపెడితేనే ఉంటాయి. గోడపత్రిక వేసే రోజుకు ప్రతి పిల్ల పేరూ ఏదో ఒక పని పక్కన వచ్చి తీరాలి. రాకపోతే ఆ పిల్లను మీరు సరిగ్గా చూడలేదన్నమాట, ఇంకో వారం ఆగి అయినా చూసి రాయండి.

ఫొటోలు తల్లిదండ్రుల ఒప్పుదలతోనే తీయండి. పిల్లల ముఖాలు మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. రాయి, పిల్లల వీపులు, అట్టల మీద వాళ్ల చేతులు తీస్తే చాలు.

తల్లిదండ్రుల సమావేశం రోజున గోడపత్రికను చదివి వెళ్లమని వదిలేయకండి. చదవలేనివాళ్లు మొహమాటంతో తల ఊపి వెళ్లిపోతారు. ప్రతి పిల్లా తన చోటు ముందు నిలబడి తన అమ్మకో, నాన్నకో, నాయనమ్మకో తానే చదివి వినిపించాలి. పనికి వెళ్లి రాలేకపోయినవాళ్లకు అదే వాక్యాన్ని పిల్ల గొంతుతో రికార్డు చేసి ఫోనుకు పంపండి.

ఏడాది చివర ఆ చార్టులు చింపకుండా చుట్టి, ప్లాస్టిక్ పైపులో పెట్టి, సంవత్సరం రాసి బీరువా మీద ఉంచండి. వచ్చే ఏడాది నాలుగో తరగతి పిల్లల చేత బయల్దేరే ముందు అవే చదివించాలి. అయిదో తరగతికి వచ్చిన పాతవాళ్లకు మాత్రం స్థలం ఎంచుకునే పని వాళ్లకే అప్పగించండి. మావాళ్లు గిండీ పాముల పార్కు అంటున్నారు. 1972లో రోములస్ విటేకర్ మొదలుపెట్టిన పార్కు అది. దానికి మంగళవారం సెలవు, రోజు పెట్టుకునేటప్పుడు అది చూసుకోండి.