మూతపడ్డ ఫ్యాక్టరీ ఊరు మళ్లీ లేస్తుందో లేదో ముందే పసిగట్టడం ఎలా

ఊళ్లో పెద్ద ఫ్యాక్టరీ మూతపడితే అందరూ అడిగేది ఒకటే, మళ్లీ ఎప్పుడు తెరుస్తారని. ఎమ్మెల్యేని అదే అడుగుతారు, ధర్నాలో అదే అడుగుతారు, పదేళ్లయ్యాక టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. మెయిన్ రోడ్డు మీద మడిగె కొనాలా వద్దా, ఉన్న ప్లాటు అమ్మేసి హైదరాబాద్ పోవాలా, పిల్లాణ్ని ఐటీఐలో ఏ ట్రేడులో వేయాలి, ఇలాంటివి తేల్చుకోవాల్సినవాళ్లు అడగాల్సింది వేరే ఉంది. ఆ ఫ్యాక్టరీలో జనం నేర్చుకున్న పని ఇంకో సరుకు చేయడానికి అక్కరకొస్తుందా? వస్తే, ఆ పని ఇక్కడే చేయించడానికి పైసలు పెట్టేవాడు ఉన్నాడా? లేచిన ఊళ్లలో చాలావాటికి పాత గేటు తెరుచుకోనేలేదు.

మన నల్గొండ, పాలమూరు జిల్లాలకు దగ్గర్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత అది నష్టాల్లో కూరుకుపోయి ఆగిపోయింది. అయితే అక్కడ మందుల తయారీ నేర్చుకున్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన అంజిరెడ్డి కూడా అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. ఆ పని జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు దాకా పాకి, ఆ తర్వాత విజయవాడ హైవే మీద మన చౌటుప్పల్‌కి, బెంగళూరు హైవే మీద జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌కి వచ్చింది. (బోరు నీళ్ల సంగతి చౌటుప్పల్ వాళ్లని, భూముల సంగతి పోలేపల్లి రైతుల్ని అడగండి, లేవడం అంటే అందరికీ మంచే జరిగిందని కాదు.)

కాబట్టి మొదట ఒక కాగితం తీసుకుని మీ ఊరి ఫ్యాక్టరీలో జనం చేసిన పనులు రాయండి. సరుకు పేరు కాదు, పనులు: బాయిలర్ నడపడం, మోటార్ వైండింగ్, లేత్ మీద పార్టులు కోయడం, వెల్డింగ్, ల్యాబులో టెస్టింగ్, లారీలు మాట్లాడటం, కాంట దగ్గర లెక్క రాయడం. ఒక్కో పని ఎదురుగా, బస్సులో గంట దూరంలో ఆ పని ఇంకెవరికి కావాలో రాయండి. రెండో వరుస సగమైనా నిండితే ఊరికి ఊపిరి ఉన్నట్టే. అంతా ఖాళీగా ఉంటే ఎంత పెద్ద గేటున్నా నమ్మకండి.

ఈ లెక్క మిర్యాలగూడకి వేసి చూస్తే బాగా అర్థమవుతుంది. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. అక్కడ ఒక మిల్లు మునిగితే పక్క సేటు కిరాయికి తీసుకుంటాడు, డ్రైవరు, హమాలీ, ఆపరేటరు రోడ్డు దాటి ఇంకో మిల్లులో చేరతారు. తవుడు నూనెకి పోతుంది, ఊక బాయిలర్లకి పోతుంది, మిల్లు మిషన్లు రిపేరు చేసే షెడ్లు బతుకుతాయి. ఇంతమంది యజమానులు ఉన్న చోట ఒక్కడి తప్పుడు నిర్ణయం ఊరిని ముంచదు. కానీ ఆ మిల్లులన్నిటికీ ఆధారం ఒకటే కాలువ, దానికి నీళ్లు రాని ఏడాది ఎంతమంది యజమానులున్నా అందరి కాంటలూ ఒకేసారి ఆగుతాయి. అందుకే యజమానులు ఎంతమందో లెక్కపెట్టి ఆగకండి, వాళ్లందరూ ఒకే నీటి మీదో, ఒకే గవర్నమెంటు ఆర్డరు మీదో, ఒకే కొనుగోలుదారు మీదో ఆధారపడి ఉన్నారా అన్నది కూడా చూడండి.

తర్వాత, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో చూడాలి. వాడపల్లి దగ్గర విష్ణుపురంలో రాశి సిమెంట్స్ ఉండేది, హైదరాబాద్ కంపెనీ. 1998లో చెన్నై వాళ్ల ఇండియా సిమెంట్స్ చేతికి పోయింది, 2024 డిసెంబర్‌లో ఆ ఇండియా సిమెంట్స్‌నే ముంబై వాళ్ల అల్ట్రాటెక్ తీసుకుంది. యజమాని ఊరు ప్రతిసారీ ఇంకాస్త దూరం జరిగింది, ప్లాంటు మాత్రం అక్కడే ఉంది, ఎందుకంటే సున్నపురాయి అక్కడుంది, దాన్ని ఎత్తుకుపోలేరు. మీ ఊరి పరిశ్రమ రాయి మీదో నీటి మీదో నిలబడితే మేనేజ్‌మెంట్ మారినా పని ఏదో రకంగా సాగుతుంది. అలాంటిదేమీ లేకుండా, చౌకగా దొరికే కూలీల కోసమో టాక్స్ రాయితీ కోసమో వచ్చిన కంపెనీ అయితే, దూరంగా ఉన్న యజమాని దాన్ని మూసేయడానికి పెద్దగా ఆలోచించడు.

అమెరికాలో యంగ్స్‌టౌన్ అని ఉక్కు ఊరు ఉంది. అక్కడి పెద్ద ఉక్కు కంపెనీని 1969లో న్యూ ఆర్లీన్స్ కంపెనీ ఒకటి కొన్నది. 1977 సెప్టెంబర్ 19, సోమవారం నాడు అందులో పెద్ద ప్లాంటును మూసేస్తున్నామని చెప్పేశారు, దాదాపు 5,000 మంది పని పోయింది, ఆ తర్వాత మిగతా ఉక్కు మిల్లులూ ఒక్కొక్కటిగా పోయాయి. 1930లో 1,70,000 జనాభా ఉన్న ఊళ్లో 2020 నాటికి మిగిలింది 60,000. కారులో గంటంబావు దూరంలో ఉన్న పిట్స్‌బర్గ్ కూడా ఉక్కు ఊరే, దానికీ అదే దెబ్బ తగిలింది. దాన్ని ఇప్పుడు అందరూ లేచిన ఊరు అంటారు, కానీ 1950లో 6,77,000 ఉన్న జనాభా 2020లో 3,03,000 మాత్రమే, అంటే పోయిన జనం తిరిగి రాలేదు. మరి లేచింది ఏమిటి? ఉక్కు డబ్బుతో కార్నెగీ 1900లో పెట్టించిన టెక్నికల్ స్కూలు పెద్ద యూనివర్సిటీ అయింది, ఇంకో యూనివర్సిటీ పక్కన ఆసుపత్రులు పెరిగాయి. ఉక్కు కంపెనీ కట్టిన అతి ఎత్తైన టవర్ మీద ఇప్పుడు కనిపించేది ఆసుపత్రి సంస్థ పేరు.

మన దగ్గర నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. సంతోషమే, కానీ బోర్డు చూసి ప్లాటు కొనకండి. అక్కడ చదివిన పిల్లలు పాసయ్యాక జిల్లాలో ఆగుతున్నారా, ల్యాబు నుంచి ఊరి షెడ్డుకి ఏదైనా పని వస్తోందా? లేదంటే ఆ కాలేజీ చుట్టూ హాస్టళ్లు, కర్రీ పాయింట్లు మాత్రమే లేస్తాయి. అదీ తక్కువ కాదనుకోండి, ఒక వీధికి సరిపోతుంది.

పని బతికి ఉంటే సరుకు మారినా ఊరు నిలుస్తుందనడానికి పోచంపల్లి, పుట్టపాక చూడండి. మొదట్లో అరబ్బు దేశాలకు పోయే తేలియా రుమాళ్లు నేసేవాళ్లు. ఆ గిరాకీ పోయాక అదే చిటికి కట్టే పని (రంగులో ముంచే ముందు నూలుకి ముడులు కట్టడం), అదే రంగుల లెక్క పట్టు చీరల మీదికి తెచ్చారు. ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పడం, ఇంట్లో ఆడవాళ్ల భుజాలు విరగ్గొట్టే పని, ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు తిప్పాలి. ఆలేరు వైపు నుంచి వచ్చిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ పడే బాధ చూసి దానికి మిషన్ చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏ ఇంజినీరో బయటి నుంచి వచ్చి చేసింది కాదది. అయినా పోచంపల్లికి ఇప్పుడు వేరే గండం ఉంది, మగ్గం మీద నేసిన డిజైన్‌నే మిల్లు గుడ్డ మీద ప్రింట్ కొట్టి నాలుగో వంతు ధరకి అమ్ముతుంటే ఇది ఫలానా ఊరి సరుకని ఇచ్చే జీఐ ట్యాగ్ ఒక్కటే ఎంతని కాపాడుతుంది? మీ ఊళ్లో ఇలాంటి చేతిపని ఉంటే, గత ఐదేళ్లలో పాతికేళ్లలోపు వాళ్లు ఎంతమంది మగ్గం ఎక్కారో అడగండి. అవార్డుల కంటే ఆ జవాబు నమ్మొచ్చు.

ఇక పనితనం ఒక్కటే సరిపోదనడానికి పాలమూరే సాక్ష్యం. దేశంలో డ్యాములు, కాలువలు కట్టిన పాలమూరు లేబర్ కంటే మట్టిపని తెలిసినవాళ్లు ఎవరున్నారు? పని వాళ్లది, లాభం మేస్త్రీ మీద ఉన్న కాంట్రాక్టరుది, ప్రాజెక్టు ఇంకో జిల్లాదో ఇంకో రాష్ట్రానిదో. సంపాదన తిరిగొచ్చి ఊళ్లో షెడ్డుగా, మిషన్‌గా మారలేదు. కాబట్టి మీ ఊళ్లో డబ్బు దేనిలోకి పోతోందో గమనించండి. వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు లేస్తూ, మిషన్లు నడిపే కొత్త త్రీఫేజ్ కరెంటు కనెక్షన్ ఒక్కటీ పడకపోతే టెన్షన్ పడాల్సిందే.

ఈ పరీక్షకు నాగార్జునసాగర్ కూడా మంచి ఊరు. పైలాన్ కాలనీ, హిల్ కాలనీ డ్యాం పని కోసం పుట్టినవి, డ్యాం అయిపోయింది. 2022లో 274 ఎకరాల్లో బుద్ధవనం తెరిచారు, బాగుంది. కానీ పొద్దున కారులో వచ్చి సాయంత్రానికి హైదరాబాద్ చేరుకునే టూరిస్టు వల్ల ఊళ్లో మిగిలేది ఒక భోజనం డబ్బు. రాత్రి ఆగేవాళ్లు పెరిగితే అప్పుడు లెక్క మారుతుంది.

మూతపడ్డ ఫ్యాక్టరీ నిజంగానే తెరుస్తారా అన్నది కాగితాల్లో కొంత తెలుస్తుంది. కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో పేరు కొడితే కంపెనీ నడుస్తోందో, లిక్విడేషన్‌లో (ఆస్తులు అమ్మి మూసేసే దశలో) ఉందో చూపిస్తుంది. పేపర్లో బ్యాంకు వేలం నోటీసులు చదవండి. భూమి వేరు, మిషన్లు వేరు చేసి అమ్ముతుంటే ఆశ వదులుకోండి, మిషన్లు తుక్కుకి పోతాయి, భూమి వెంచర్ అవుతుంది. మొత్తం కంపెనీగా అమ్ముతుంటే అవకాశం ఉన్నట్టు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది, 2018లో కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ద్వారా జేకే పేపర్ తీసుకుంది, రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది, మిల్లు నడిచింది. అది జరగడానికి మిషన్లు చోటులో ఉండటం, కొనేవాడికి అదే వ్యాపారం తెలిసి ఉండటం, ప్రభుత్వం ముందుకు రావడం, మూడూ ఒకేసారి కుదరాలి.

శంకుస్థాపన వార్తలకి వేరే కొలత పెట్టుకోండి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేశారు. అలాంటి చోట పెద్ద గోడ ఎంత లేచిందని కాకుండా, చుట్టూ చిన్న షెడ్లు ఏం వచ్చాయి, ప్యాకింగ్, ఫాబ్రికేషన్, క్యాంటీన్ ఎవరికి ఇచ్చారు అని అడగండి. పొద్దున ఆరింటికి బస్టాండులో నిలబడితే ఇంకా తెలుస్తుంది: కంపెనీ బస్సులు ఊరి పిల్లల్ని ఎక్కించుకుని పోతున్నాయా, లేక ఊరి పిల్లలు హైదరాబాద్ బస్సు ఎక్కుతుంటే కంపెనీకి ఒడిశా, బిహార్ నుంచి కాంట్రాక్టు లేబర్ దిగుతున్నారా? రెండోది అయితే కిరాయి రూములున్నవాళ్లకి లాభం, మిగతా ఊరికి అంతంత మాత్రమే.

ఐటీఐ విషయానికొస్తే, ఒక్క కంపెనీని చూసి ట్రేడు తీసుకోవద్దు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటివి బియ్యం మిల్లుకీ, సిమెంటుకీ, మందుల కంపెనీకీ, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటుకీ కావాలి. చేర్చే ముందు మీ దగ్గరున్న మోటార్ వైండింగ్ షాపు ఓనర్ని కలిసి, గత ఏడాది కొత్త పిల్లలు ఎంతమందిని పెట్టుకున్నాడు, ఎంత ఇచ్చాడు అని అడగండి.