అమెరికాలో చైల్డ్ సపోర్ట్ ఎగ్గొట్టి వేరే స్టేట్‌కి వెళ్లిపోతే ఏం చేయాలి?

విడాకులయ్యాయి, పిల్లల పోషణకి (అదే చైల్డ్ సపోర్ట్) నెలకింత కట్టమని మాజీ భర్తకి కోర్టు ఆర్డర్ ఇచ్చింది. నాలుగు నెలలు డబ్బు పడి ఆగిపోయింది. ఫోన్ తీయడు, అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాడు, డల్లాస్ వెళ్లాడని ఎవరో అన్నారు. వెంటనే లింక్డ్‌ఇన్ వెతకడం, ఫ్రెండ్స్‌ని వాకబు చేయడం మొదలుపెడతాం. అడ్రస్ దొరికినా దాంతో డబ్బు రాదు, టెన్షన్ మిగులుతుంది. (తల్లి వెళ్లిపోయి పిల్లలు తండ్రి దగ్గరున్నా పద్ధతి ఇదే.)

1. పాత కాగితాలు తీయండి

అన్నిటికన్నా ముఖ్యం అతని సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్). డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, ట్యాక్స్ కాగితం) చివరి నాలుగంకెలే ఉండొచ్చు. అందుకే ఇద్దరూ కలిసి ఫైల్ చేసిన ట్యాక్స్ రిటర్న్ వెతకండి. ఫారం 1040 మొదటి పేజీలో పేరు పక్కనే పూర్తి నంబర్ ఉంటుంది.

మన పేర్లతో ఇంకో తలనొప్పి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసాలో మొదటి పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఒకచోట వెంకట సాయికృష్ణ, ఇంకోచోట ఉత్త కృష్ణ. ఎన్ని రకాలుగా రాసుంటే అన్నీ రాసివ్వండి. పుట్టినతేదీ, చివరి కంపెనీ, పాత అడ్రస్, కోర్టు ఆర్డర్ కాపీ కూడా పెట్టండి.

2. మీ స్టేట్‌లోనే అప్లై చేయండి

అతను వెళ్లిన స్టేట్‌కి మీరు వెళ్లక్కర్లేదు. ప్రతి స్టేట్‌లోనూ చైల్డ్ సపోర్ట్ ఏజెన్సీ ఉంటుంది. టెక్సస్‌లో ఇది అటార్నీ జనరల్ ఆఫీసు కింద నడుస్తుంది, కాలిఫోర్నియాలో ప్రత్యేక డిపార్ట్‌మెంటే ఉంది. అప్లికేషన్ ఫీజు 25 డాలర్లు దాటదు. వసూళ్లలో వాటా అడిగే ప్రైవేట్ కంపెనీల జోలికి ముందే వెళ్లొద్దని నా సలహా.

గృహహింస ఉంటే మొదటిరోజే చెప్పండి, మీ అడ్రస్ అవతలివాళ్లకి వెళ్లకుండా రికార్డులో గుర్తు పెడతారు.

3. వెతికే పని వాళ్లకి వదిలేయండి

కొత్త ఉద్యోగిని తీసుకున్న ప్రతి కంపెనీ మామూలుగా 20 రోజుల్లోపు ఆ వివరాలు స్టేట్‌కి పంపాలి. అవి జాతీయ డైరెక్టరీకి చేరతాయి. అతను ఏ స్టేట్‌లో ఉద్యోగంలో చేరినా, మీ ఏజెన్సీ ఫెడరల్ పేరెంట్ లొకేటర్ సర్వీస్ (తల్లిదండ్రుల్ని వెతికే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ) ద్వారా సోషల్ సెక్యూరిటీ నంబర్ సరిపోల్చి పట్టుకోగలదు. అడ్రస్ మీకు చెప్పకపోవచ్చు. కేసు నడవడానికి అది మీకు తెలియక్కర్లేదు కూడా.

4. జీతం నుంచే కోయించండి

ఒక స్టేట్ పోషణ ఆర్డర్‌ని ఇంకో స్టేట్‌లో అమలు చేయించే యూఐఎఫ్‌ఎస్‌ఏ అనే చట్టం అన్ని స్టేట్లలోనూ ఉంది. దాని ప్రకారం మీ ఆర్డర్‌ని వేరే స్టేట్‌లోని కంపెనీకి నేరుగా పంపొచ్చు. మన ఐటీ వాళ్ల దగ్గర పొరపాటు ఇక్కడే జరుగుతుంది: అతను డల్లాస్‌లో క్లయింట్ ఆఫీసులో కూర్చుంటాడు, జీతమిచ్చేది న్యూజెర్సీ కన్సల్టెన్సీ. ఆర్డర్ వెళ్లాల్సింది కన్సల్టెన్సీకి. సొంత కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టులు చేస్తుంటే జీతం దారి సరిగ్గా పనిచేయకపోవచ్చు. అప్పుడు అతనున్న స్టేట్‌లో ఆర్డర్ రిజిస్టర్ చేయించమని అడగండి. మామూలుగా అభ్యంతరం చెప్పడానికి అతనికి 20 రోజులుంటాయి.

5. బాకీ పెరిగితే

బాకీ 500 డాలర్లకి చేరితే ఫెడరల్ ట్యాక్స్ రిఫండ్‌ని పట్టుకోవచ్చు. 2,500 దాటితే అమెరికన్ పాస్‌పోర్ట్ ఇవ్వరు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్నవాళ్లకి ఈ రెండోది తగలదు. అయితే కావాలనే పిల్లల్ని పోషించకపోతే తర్వాత సిటిజన్‌షిప్ అప్లికేషన్‌కి అడ్డం పడొచ్చు.

6. ఇండియా వెళ్లిపోతే

కష్టం ఇక్కడే. పిల్లల పోషణపై 2007 నాటి హేగ్ ఒప్పందంలో అమెరికా ఉంది, ఇండియా లేదు. అమెరికా ఆర్డర్‌ని హైదరాబాద్ కోర్టు నేరుగా అమలు చేయదు, అక్కడి లాయర్‌తో విడిగా దావా వేయించాలి. మీరూ ఇండియా వచ్చేసుంటే, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 144వ సెక్షన్ కింద మీరుండే ఊళ్లోనే భరణం కేసు వేయొచ్చు. అతను ఇండియాలో కూర్చుని ఇంకా అమెరికా పేరోల్ మీదే జీతం తీసుకుంటున్నాడా, అది మాత్రం ముందు ఏజెన్సీకి చెప్పండి, పైన చెప్పినట్టు జీతం నుంచే కోయించే వీలుండొచ్చు.