ఇంటిపేరు దగ్గర ఆగిపోయిన పాయింట్లు

అమ్మని హైదరాబాద్ నుంచి డల్లాస్ తీసుకురావడానికి రెండేళ్లుగా క్రెడిట్ కార్డు మీద కూడబెట్టిన పాయింట్లు వాడదామనుకున్నాను. సీటు దొరికింది, పాయింట్లు ఎయిర్‌లైన్‌లో ఉన్న నా మైల్స్ ఖాతాకి (టికెట్లకి వాడుకునే ఎయిర్‌లైన్ పాయింట్లే మైల్స్) పంపబోతే ఎర్రక్షరాల్లో ‘వివరాలు సరిపోలలేదు’ అని వచ్చింది. మూడుసార్లు నొక్కినా అదే.

కారణం సిల్లీ. కార్డు మీద నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఎప్పుడో తెరిచిన మైల్స్ ఖాతాలో మాత్రం మన అలవాటు ప్రకారం ఒక్క అక్షరమే ఇచ్చాను. పాస్‌పోర్ట్ కాపీ పంపి పేరు మార్పించుకునేసరికి మూడు రోజులు పట్టింది, ఈలోపు ఆ సీటు కాస్తా పోయింది (అమ్మేమో ఫోన్‌లో రోజూ ‘టికెట్ తీశావా నాన్నా’ అని).

ఈసారి మొత్తం ఒకేసారి పంపలేదు. ముందు 1,000 పాయింట్లు పంపి, అవి అవతల కనిపించాక, వేరే తేదీకి సీటు ఉందో లేదో ఇంకోసారి చూసుకుని మిగతావి పంపాను, ఎందుకంటే ఒకసారి మైల్స్‌గా మారాయంటే మళ్లీ కార్డుకి వెనక్కి రావు. ఖాతా నాదే అయినా ప్రయాణికురాలిగా అమ్మ పేరు ఇవ్వొచ్చు, అది ఆవిడ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. పన్నులు, సర్‌ఛార్జీలు మాత్రం డబ్బుగానే కట్టాలి, ‘ఫ్రీ టికెట్’ అని అందరికీ చెప్పుకున్నాక అది కాస్త చురుక్కుమంది.