ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్ చదవడానికి ఒక వంద పేజీల నోట్‌బుక్

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగేలోపు నాకు ఒక చాప్టర్ అయిపోతుంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' అలాగే రోజుకొక చాప్టర్ చొప్పున పూర్తి చేశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం కాబట్టి లావుపాటి ఇంగ్లిష్ నవల అంటే కొంచెం టెన్షన్ ఉండేది. కానీ మొదటిసారి వంద పేజీల దగ్గర ఆపేయడానికి కారణం భాష కాదు. ఎవరు ఎవరో గుర్తుండలేదు, అంతే. రెండోసారి ఎలా చదివానో చెప్తాను. మధ్యలో వదిలేసినవాళ్ళకు పనికొస్తుంది.

1996లో వచ్చిన ఈ నవలలో ప్రోలాగ్ కాక 72 చాప్టర్లు ఉన్నాయి. ప్రతిదానికీ ఒక మనిషి పేరే శీర్షిక. ఎడ్డార్డ్, కేట్లిన్, సాన్సా, ఆర్యా, బ్రాన్, జాన్, టిరియన్, డెనేరిస్, మొత్తం ఎనిమిది మంది. ఎవరి చాప్టర్‌లో వాళ్ళు చూసింది, విన్నది, అనుకున్నదే మనకు తెలుస్తుంది. అక్కాచెల్లెళ్ళయిన సాన్సా, ఆర్యా ఒకే రాకుమారుణ్ణి చూస్తారు. ఒకరికి కలల పెళ్ళికొడుకు, ఇంకొకరికి ఒళ్ళు మండించే కుర్రాడు. అందుకే శీర్షికలో పేరు చూసుకోకుండా ఏ చాప్టరూ మొదలుపెట్టకండి.

ఇప్పుడు నోట్‌బుక్. ఒక్కొక్కరికి పదేసి పేజీలు కేటాయించండి. చాప్టర్ అవగానే, పుస్తకం బ్యాగులో పెట్టేలోపే, మూడు ముక్కలు రాయండి. ఈ మనిషి ఇప్పుడు ఎక్కడుంది? కొత్తగా ఏం తెలిసింది? దేన్ని నిజమని నమ్ముతోంది? మొదటి రెండూ ఎవరైనా రాసుకుంటారు. ఈ నవలకు ప్రాణం మూడోది.

కేట్లిన్ సంగతి చూడండి. కథ సగానికి రాకముందే వస్తుంది కాబట్టి చెప్పేస్తున్నాను. స్పృహ లేకుండా మంచాన పడి ఉన్న ఆవిడ కొడుకు బ్రాన్‌ను చంపడానికి ఒకడు కత్తితో వస్తాడు. ఆ కత్తి టిరియన్‌దని తర్వాత ఒకరు చెప్తే ఆవిడ నమ్ముతుంది. నా నోట్‌బుక్‌లో కేట్లిన్ పేజీలో "కత్తి టిరియన్‌ది అనుకుంటోంది" అని రాసుకున్నాను. ఆవిడ ఇంట్లో లేని సమయంలో బ్రాన్ చాప్టర్ ఒకటి వస్తుంది. అందులో టిరియన్ వాళ్ళింటికి వచ్చి, నడవలేని ఆ పిల్లవాడు గుర్రం ఎక్కడానికి ఎలాంటి జీను కావాలో గీసిన కాగితం ఇస్తాడు. ఇంకో నాలుగు చాప్టర్లకు, దారిలో ఒక పూటకూళ్ళ ఇంట్లో, కేట్లిన్ టిరియన్‌ను చూస్తుంది. అక్కడున్నవాళ్ళలో తన తండ్రికి విధేయులైన వాళ్ళను ఒక్కొక్కరినీ పలకరించి, వాళ్ళ చేతే అతన్ని పట్టిస్తుంది. ఆ జీను సంగతి మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. తల్లిగా ఆవిడ కోపంలో న్యాయం ఉంది. ట్రైన్‌లో ఉన్నానని మర్చిపోయి "వద్దమ్మా, వద్దు" అని పైకే అన్నాను. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, అసలు కథ ఆ రెండిటి మధ్య జరుగుతోందని తెలుస్తుంది.

పేర్ల గురించి. స్టార్క్, లానిస్టర్, టల్లీ లాంటివాటిని ఇంటిపేర్లనుకుంటే సగం గందరగోళం పోతుంది. కేట్లిన్ పుట్టింటివాళ్ళు టల్లీలు, అత్తింటివాళ్ళు స్టార్క్‌లు. ఉత్తరాదిన పెద్దింటివాళ్ళకు పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలకు తండ్రి ఇంటిపేరు రాదు, స్నో అని పెడతారు. జాన్ స్నో పేరులోనే అతని బాధంతా ఉంది. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టినట్టు ఇక్కడా పేర్లు తిరుగుతాయి. బ్రాన్ అసలు పేరు బ్రాండన్, చనిపోయిన పెద్దనాన్న పేరూ అదే. రాబర్ట్ అంటే రాజు, కేట్లిన్ చెల్లెలి కొడుకు కూడా. ఎడ్డార్డే నెడ్, డెనేరిసే డానీ. ఇవన్నీ నోట్‌బుక్ చివరి పేజీలో వేసుకోండి.

నచ్చినవాళ్ళ చాప్టర్లు మాత్రమే ఏరుకుని చదవకండి. డెనేరిస్ సముద్రానికి అవతల ఉంటుంది, మిగతా ఏడుగురిలో ఒక్కరినీ ఈ పుస్తకంలో కలవదు. మొదటిసారి నేను ఆమెవి వదిలేశాను. తర్వాత తిరగేస్తుంటే ఎడ్డార్డ్ చాప్టర్ ఒకటి కనబడింది. గర్భవతిగా ఉన్న ఆమెను చంపించాలా వద్దా అని రాజు కొలువులో వాదించుకుంటున్నారు. నాకు ఏమీ అనిపించలేదు. రెండోసారి, ఆమెతో పాటు అన్ని చాప్టర్లూ నడిచి వచ్చాక, ఆ సభ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

మ్యాపును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పుస్తకం చివర వంశాల జాబితా ఉంటుంది, ధారాళంగా వాడుకోండి. ఈ నవల ఒక సిరీస్‌లో మొదటిది. రెండో పుస్తకంలోని జాబితాను మాత్రం మొదటిది పూర్తయ్యేదాకా తెరవద్దు. ఎవరు పోయారో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకా ముందుకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. 2005లో వచ్చిన నాలుగో పుస్తకంలో కొందరి కథే ఉంటుంది. అదే కాలంలో మిగతావాళ్ళకు ఏమైందో 2011 నాటి ఐదో పుస్తకంలో చాలా భాగం చెప్తుంది. నాలుగోదాంట్లో జాన్, టిరియన్, డెనేరిస్ చాప్టర్లు లేవని కంగారు పడకండి. వాళ్ళ పేజీలు ఖాళీగా ఉంచి, ఐదోది మొదలుపెట్టాక అదే నోట్‌బుక్‌లో నింపుకోండి.