పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా? పేస్‌మేకర్ సంగతి ముందే చెప్పండి

పోయిన వారం బెంగళూరు మారతహళ్లిలో ఒక క్లినిక్‌లో పంటి చిగురు కోస్తుంటే పెద్దాయనకు కుర్చీలోనే కళ్లు తిరిగాయి. కాటరీ (కరెంటుతో కోసే మెషిన్) ఆపాక తేరుకున్నారు. పేస్‌మేకర్ ఉందని అప్పుడు బయటపడింది. అనంతపురం నుంచి కొడుకింటికి వచ్చారాయన. ఫారంలో "గుండె జబ్బు ఉందా" అన్నచోట కోడలు లేదని రాసింది. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా జబ్బేంటి అనుకుంది పాపం.

పళ్ల డాక్టర్‌గా నేను పదే పదే చూస్తున్న తప్పు ఇదే. పంటికీ గుండెకీ ఏం సంబంధమని చెప్పరు. చెప్పండి.

గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే పేస్‌మేకర్ ఊరుకుంటుంది, లేదంటే కొట్టిస్తుంది. మోనోపోలార్ (కరెంటు ఒంట్లోంచి పారే రకం) కాటరీ కరెంటును అది గుండె స్పందన అనుకుంటే పని ఆపేయొచ్చు. పూర్తిగా దానిమీదే ఆధారపడ్డవాళ్లకు ఆ కొన్ని క్షణాలే గండం. ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం) అయితే లయ తప్పిందనుకుని షాక్ కొట్టొచ్చు. కాటరీ తప్పనిసరైతే బైపోలార్ (రెండు మొనల మధ్యే కరెంటు పారే రకం) నయం.

ఎక్స్‌రే, డ్రిల్లు, చేత్తో చేసే క్లీనింగ్‌కు భయం అక్కర్లేదు. అల్ట్రాసోనిక్ స్కేలర్‌లో (కంపనాలతో గార తీసే మెషిన్) పీజో రకం అడగండి. మాగ్నెటోస్ట్రిక్టివ్ (అయస్కాంత శక్తితో నడిచే) రకం, మరీ పాత పేస్‌మేకర్: ఈ జోడీ వద్దు.

బెంగళూరు జయదేవ ఆసుపత్రిలోనో తిరుపతి స్విమ్స్‌లోనో పెట్టినప్పుడు ఇచ్చిన కార్డు బీరువాలో కాదు, పర్సులో ఉండాలి. ఎందుకంటే అవసరమై డాక్టర్ ఛాతీమీద ఆ పరికరంపై మాగ్నెట్ పెడితే పేస్‌మేకర్ సాధారణంగా ఒకే వేగంతో కొట్టిస్తుంది, ఐసీడీ మాత్రం షాక్ ఇవ్వడం మానేస్తుంది. ఏది ఉందో తెలియకుండా డాక్టర్ ఏం చేయాలి?

రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. పన్ను పీకిన చోట రక్తం గాజు గుడ్డ అదిమితే ఆగుతుంది, మాత్ర ఆపితే మెదడులో కట్టే రక్తపు గడ్డ అలా పోదు.

పేస్‌మేకర్ ఉందన్న ఒక్క కారణానికి యాంటీబయాటిక్ మింగొద్దు.

కొత్తగా పెట్టించుకుంటే, తొందరలేని పంటి పని కార్డియాలజిస్ట్ సరేనన్నాకే.

మత్తు ఇంజెక్షన్‌కు ముందు మళ్లీ చెప్పండి. అందులో గుండె వేగం పెంచే అడ్రినలిన్ ఎంత ఉండాలో చూసుకుంటారు.

ఫారం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటే తెలుగులో చదివించుకున్నాకే సంతకం.

చొక్కా జేబులో ఫోన్, ఇయర్‌బడ్స్ డబ్బా పెట్టొద్దు. 15 సెంటీమీటర్ల దూరం.

మెషిన్ వైర్లు ఛాతీమీదుగా వేయనివ్వొద్దు.

కళ్లు తిరిగినా, దడ వచ్చినా చెయ్యెత్తండి. మొహమాటపడొద్దు.

ఐసీడీ షాక్ కొడితే పని అక్కడికక్కడే ఆపించి, గుండె డాక్టర్లున్న ఆసుపత్రికి వెళ్లండి. రేపు చూద్దాం అనొద్దు.

స్పృహ తప్పితే 108.